ఎక్స్‌టర్నల్ డిస్క్ పెడితే మౌస్ గెంతుతోంది, టోకెన్ కనబడట్లేదు: యూఎస్‌బీ పరికరాలు ఒకదానికొకటి పడట్లేదు

ట్యాలీ_అక్క | ఎంవీపీ కాలనీ

అందరికీ నమస్కారం. విశాఖలో ఇంట్లోనే ఉండి చిన్న షాపులకి పద్దులు, జీఎస్టీ రిటర్నులు చూస్తుంటాను. ఈమధ్య కంప్యూటర్‌తో పని ముందుకి సాగట్లేదు. విడిగా పెడితే ప్రతి పరికరమూ బుద్ధిగా పనిచేస్తుంది. పక్కన ఇంకోటి పెట్టగానే మొదటిది మొరాయిస్తుంది.

అసెంబుల్డ్ డెస్క్‌టాప్, విండోస్ 11. వెనక నల్ల పోర్టులు నాలుగు, నీలం పోర్టులు రెండు, ముందువైపు నల్లవి రెండు. వైర్‌లెస్ కీబోర్డు, మౌస్‌కి కలిపి ఒకటే డాంగిల్ (వాటి సిగ్నల్ అందుకునే చిన్న రిసీవర్). ఇంక్ ట్యాంక్ ప్రింటర్, వెబ్‌క్యామ్, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ (పోర్టల్లో సంతకం వేయడానికి వాడే పెన్‌డ్రైవ్ లాంటిది), 2 టెరాబైట్ల పోర్టబుల్ హార్డ్ డిస్క్. పోర్టులు చాలక, అడాప్టర్ లేని చిన్న హబ్ ఒకటి వెనక నల్ల పోర్టుకి తగిలించాను.

డిస్క్‌ని వెనక నీలం పోర్టులో పెట్టి బ్యాకప్ మొదలుపెడితే మౌస్ బాణం గెంతులేస్తుంది. కీబోర్డు మీద అంకెలు ఎగిరిపోతాయి. 18450 అని కొడితే 1850 పడుతుంది. ఇన్‌వాయిస్‌లో ఒక అంకె పోతే ఎంత ముప్పో నా పనిలో ఉన్నవాళ్లకి తెలుసు. డిస్క్‌ని హబ్‌కి మారిస్తే మౌస్ కుదుటపడుతుంది గానీ డిస్క్ టిక్ టిక్‌మంటూ పోతూ వస్తూ ఉంటుంది. అప్పుడే వెబ్‌క్యామ్ కూడా ఆన్ చేస్తే యూఎస్‌బీ పోర్టులో పవర్ సర్జ్ అని మెసేజ్ వచ్చి హబ్ మీదున్నవన్నీ ఆగిపోతాయి. టోకెన్ పెట్టిన కొత్తలో బాగానే ఉంటుంది. కాసేపు వేరే పని చూసుకుని వచ్చేసరికి దాని దీపం ఆరిపోయి ఉంటుంది, పోర్టల్లో సంతకం దగ్గర టోకెన్ దొరకలేదంటుంది. ఇక ప్రింటర్‌ని ఏ పోర్టుకి మారిస్తే ఆ పోర్టుకి "కాపీ 1" అంటూ ఇంకో ప్రింటర్ పుట్టుకొస్తుంది.

విండోస్ మొత్తం తీసేసి మళ్లీ వేస్తే సరిపోతుందని ఒక షాపులో అన్నారు. రిటర్నుల గడువు, 20వ తారీఖు దగ్గరపడుతోంది, ఇప్పుడు ఆ పని పెట్టుకోలేను. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

కంచరపాలెం_కుర్రాడు | కంచరపాలెం

అక్కా, స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి. పసుపు ముక్కోణం ఎక్కడైనా కనిపిస్తే దాని మీద డబుల్ క్లిక్ చేస్తే ఒక కోడ్ నంబర్ ఉంటుంది. అదేంటో చెప్పండి.

ట్యాలీ_అక్క | ఎంవీపీ కాలనీ

చూశాను తమ్ముడూ. డిస్క్ హబ్ మీద ఉన్నప్పుడు "అన్‌నోన్ యూఎస్‌బీ డివైస్, డివైస్ డిస్క్రిప్టర్ రిక్వెస్ట్ ఫెయిల్డ్" అని, కింద కోడ్ 43 అని ఉంది. డిస్క్‌ని నీలం పోర్టులో పెడితే ముక్కోణం ఏదీ లేదు, కానీ మౌస్ గోల మామూలే.

అక్కయ్యపాలెం_మెకానిక్ | అక్కయ్యపాలెం

మేడమ్, విండోస్ జోలికి పోకండి. మీరు రాసినవి వేరువేరు జబ్బులు. ఒకేసారి రావడంతో ఒకటే అనిపిస్తున్నాయి.

పాత మెషీన్లలో సౌండ్ కార్డుకీ మోడెమ్‌కీ ఒకే ఐఆర్‌క్యూ (ప్రాసెసర్‌ని పిలిచే ఇంటరప్ట్ లైను) పడితే రెండూ కొట్టుకునేవి. కార్డు మీది జంపర్లు, అంటే చిన్న క్లిప్పులు, మార్చి సర్దేవాళ్లం. యూఎస్‌బీలో ఆ తగాదా లేదు. ఇంటరప్ట్ తీసుకునేది పోర్టుల్ని నడిపే కంట్రోలర్ చిప్ ఒక్కటే, తన కింద ఉన్న పరికరాలకి అడ్రసులు అదే పంచుతుంది. లెక్క ప్రకారం ఒక కంట్రోలర్ కింద 127 దాకా పెట్టుకోవచ్చు. గొడవంతా అవి ఉమ్మడిగా వాడుకునేవాటి దగ్గరే వస్తుంది. కరెంటు, డేటా దారి, పక్కపక్కన ఉన్నప్పుడు రేడియో రొద, ఆపైన విండోస్ డ్రైవర్లు. ఏ లక్షణం దేని వల్ల వస్తోందో విడదీస్తే సగం పని అయినట్టే.

ముందు డిస్క్ సంగతి, ఎందుకంటే అందులో మీ డేటా ఉంది. నల్ల పోర్టు యూఎస్‌బీ 2.0, అది ఒక పరికరానికి ఇవ్వాల్సింది 500 మిల్లీయాంప్‌లు. నీలం 3.0 అయితే 900. మీ హబ్‌కి సొంత అడాప్టర్ లేదు కాబట్టి ఆ 500లోంచే తను వాడుకుని మిగిలింది పంచుతుంది. ప్రమాణం ప్రకారం అలాంటి హబ్ ఒక్కో పోర్టుకి హామీ ఇచ్చేది 100 మాత్రమే. పోర్టబుల్ డిస్క్ తిరగడం మొదలుపెట్టే క్షణంలో 1 యాంప్ దాకా లాగుతుంది. ఎండాకాలం ఒకే ట్యాంకు మీద నాలుగు ఫ్లాట్లవాళ్లూ ఒకేసారి కుళాయి తిప్పితే పై అంతస్తుకి ఏమొస్తుందో, మీ డిస్క్‌కి అదే వస్తోంది. ఆ టిక్ టిక్ అదే. తిరగబోతుంది, కరెంటు చాలక ఆగుతుంది, మళ్లీ మొదలుపెడుతుంది.

ఈ రోజే దాన్ని హబ్ మీంచి తీసేయండి. డిస్క్‌లో తప్పులున్నాయి, సరిచేయమంటారా అని విండోస్ అడిగితే ఇప్పుడే ఒప్పుకోవద్దు. కరెంటు నిలకడగా లేని డిస్క్ మీద రిపేర్ నడిపితే బాగున్న ఫైళ్లు కూడా చెదిరిపోవచ్చు. నీలం పోర్టులో నేరుగా పెట్టి, ముఖ్యమైన ఫోల్డర్లు ముందు వేరే చోటికి కాపీ చేసుకోండి. ఆ సేపు కీబోర్డు ముట్టుకోకండి. పరీక్షలన్నీ ఆ తర్వాతే.

గాజువాక_రేడియో | గాజువాక

మౌస్ గెంతడం నా విషయం, అది నేను చెబుతాను.

డాంగిల్ ఎక్కడ పెట్టారు? డిస్క్ పెట్టిన నీలం పోర్టుకి పక్కనే అయి ఉండాలి. యూఎస్‌బీ 3.0 తీగలో డేటా సెకనుకి 5 గిగాబిట్ల వేగంతో పోతుంది. దాన్నుంచి వచ్చే రొద ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర ఆగదు, వెడల్పుగా పరుచుకుంటుంది. మీ వైర్‌లెస్ మౌస్, బ్లూటూత్, పాత రకం వైఫై పనిచేసే 2.4 గిగాహెర్ట్జ్ సరిగ్గా అందులోనే పడుతుంది. ఇంటెల్ వాళ్లు 2012లో దీని మీదే ఒక పత్రం వేశారు. 3.0 పరికరం దగ్గర్లో ఉంటే ఆ బ్యాండ్‌లో రొద 20 డెసిబెల్ల దగ్గర దాకా పెరగడం కొలిచి చూపించారు. 20 డెసిబెల్లంటే పవర్ లెక్కలో వంద రెట్లు. డాంగిల్ పాపం చిన్న యాంటెనా, ఆ హోరులో మౌస్ పంపిన ప్యాకెట్లు దానికి వినపడవు. మీ 18450లో 4 పోయింది అక్కడే. కీబోర్డు పంపింది, డాంగిల్ అందుకోలేదు.

డ్రైవర్లు మారిస్తే ఇది పోదు. రెండింటికీ దూరం పెంచాలి. అర మీటరో, మీటరో ఉన్న మామూలు యూఎస్‌బీ 2.0 ఎక్స్‌టెన్షన్ కేబుల్ తెచ్చి, డాంగిల్‌ని దాని చివర పెట్టి, టేబుల్ మీద కీబోర్డు పక్కకి తెచ్చుకోండి. కొనేముందు ఊరికే తేల్చుకోవాలంటే డాంగిల్‌ని ముందు పోర్టుకి మార్చి చూడండి. డిస్క్‌కి వెడల్పాటి రెండు భాగాల మైక్రో సాకెట్ ఉంటే ఇంకో పరీక్ష కూడా ఉంది. అందులో పెద్ద భాగంలో పాత ఫోన్ల మైక్రో యూఎస్‌బీ కేబుల్ పడుతుంది. దాంతో డిస్క్ 2.0 వేగానికి దిగిపోతుంది, కాపీ నెమ్మదిస్తుంది, రొద మాయమవుతుంది. అప్పుడు మౌస్ బాగుంటే ఇక అనుమానం అక్కర్లేదు. అయితే ఈ పరీక్ష అసలు డేటా ఇంకో చోట భద్రంగా ఉన్నాకే చేయండి, పాత కేబుళ్ల నాణ్యత చెప్పలేం.

ఎన్ఏడీ_గేమర్ | ఎన్ఏడీ కొత్తరోడ్

ఇంత తిప్పలు ఎందుకండీ, మదర్‌బోర్డ్ స్లాట్‌లో పెట్టే పీసీఐ ఎక్స్‌ప్రెస్ యూఎస్‌బీ కార్డు ఒకటి కొని పెట్టేస్తే కొత్త పోర్టులు వస్తాయి, అన్నీ సర్దుకుంటాయి.

అక్కయ్యపాలెం_మెకానిక్ | అక్కయ్యపాలెం

కార్డు మంచిదే బాబూ, ఒక కంట్రోలర్ మీద డేటా నిజంగా నిండిపోయినప్పుడు. మేడమ్‌కి అది కాదు. కార్డు పోర్టు కూడా 3.0యే, మౌస్ రొద అలాగే ఉంటుంది. టోకెన్ నిద్రపోవడం ఆగదు. హబ్ కష్టం హబ్‌దే. కారణం తేలకుండా ఏదీ కొనిపించకూడదు.

సీతమ్మధార_మాష్టారు | సీతమ్మధార

అమ్మా, ఒక్క మాట అడుగుతాను. చెప్పుల్లేకుండా నేల మీద నిలబడి కేబినెట్ వెనక ఇనుప భాగానికి చెయ్యి ఆనితే చిమచిమలాడుతుందా? ప్రింటరూ కంప్యూటరూ ఒకే స్విచ్‌బోర్డు మీద ఉన్నాయా, వేరువేరా? చెయ్యి పెట్టి పరీక్షించమని కాదు, ఇంతకు ముందెప్పుడైనా అనిపించిందా అని.

ట్యాలీ_అక్క | ఎంవీపీ కాలనీ

అవును మాష్టారూ, ప్రింటర్ కేబుల్ పెట్టేటప్పుడు వేలికి చురుక్కుమంటుంది. కేబినెట్ యూపీఎస్ మీద ఉంది, యూపీఎస్ ఒక గోడ బోర్డుకి. ప్రింటర్ అవతలి గోడ బోర్డుకి. ఇల్లు పాతది. ఆ అవతలి బోర్డులో మూడో కన్నం ఉంది గానీ దాంట్లో తీగ ఉందో లేదో తెలియదు.

సీతమ్మధార_మాష్టారు | సీతమ్మధార

అయితే యూఎస్‌బీ సంగతికంటే ముందు ఇది చూడాలి.

కంప్యూటర్ ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై డబ్బా) లోపల, రొదని ఆపడానికి ఫేజ్ నుంచి ఎర్త్‌కీ, న్యూట్రల్ నుంచి ఎర్త్‌కీ చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ తీగ సరిగ్గా ఉంటే వాటిగుండా వచ్చే కొద్దిపాటి కరెంటు భూమిలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే కేబినెట్ ఆ రెండు కెపాసిటర్ల మధ్య వేలాడుతూ, మల్టీమీటర్ పెడితే 230లో సగం దగ్గర, అంటే 110, 115 వోల్టులు చూపిస్తుంది. కరెంటు అతి తక్కువ కాబట్టి చురుక్కుమని వదిలేస్తుంది. కానీ ఒక బోర్డుకి ఎర్త్ ఉండి రెండోదానికి లేకపోతే ఆ తేడా అంతా ప్రింటర్ యూఎస్‌బీ కేబుల్ పైతొడుగు గుండా, గ్రౌండ్ తీగ గుండా సర్దుకోవాలని చూస్తుంది. డేటా తీగల్లో నడిచే సిగ్నల్ వోల్టులో భాగాలు. ఫ్రిజ్ మోటార్ స్టార్ట్ అయినప్పుడో, ప్రింటర్ ఆన్ చేసినప్పుడో అన్ని పరికరాలూ ఒకేసారి తెగి కలుస్తున్నాయంటే ఎర్త్‌ని అనుమానించాలి. పోర్టులు కాలిపోవడానికి కూడా ఇదే దారి.

మీరు మీటర్ పట్టుకోవద్దు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఆ రెండు బోర్డుల్లో ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య ఎంత ఉందో, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఎంత ఉందో చూడమనండి. మొదటిది ఇంచుమించు సరఫరా వోల్టేజీ అంత ఉండాలి, రెండోది ఒకటి రెండు వోల్టులకి మించకూడదు. మీటర్ ఒక్కదానితో ఆగకుండా ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య బల్బు పెట్టి కూడా చూడమనండి. తుప్పుపట్టిన ఎర్త్ తీగ మీటర్‌కి బాగానే చదువుతుంది, బల్బుని మాత్రం వెలిగించలేదు. ఎర్త్ లీకేజీ బ్రేకర్ ఉంటే ఈ పరీక్షకి అది పడిపోతుంది, కంగారు పడకండి. సముద్రం దగ్గర ఇళ్లలో ఎర్త్ గుంతలోని ఇనుప పైపుని తుప్పు త్వరగా తినేస్తుంది. అపార్ట్‌మెంట్ కట్టిననాటి గుంతని ఆ తర్వాత ఎవరూ తెరిచి చూడరు. ఇది అందరం పట్టించుకోవాల్సిన విషయం.

పెందుర్తి_లైనక్స్ | పెందుర్తి

విండోస్ తప్పా, వస్తువు తప్పా అని తేల్చడానికి విండోస్‌ని తీసేయక్కర్లేదు. పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు (ఒక రకం లైనక్స్) వేసి, దాన్నుంచి బూట్ చేసి "ట్రై" ఎంచుకుంటే మీ సీ డ్రైవ్ ముట్టుకోదు. డిస్క్‌ని తగిలించాక టెర్మినల్‌లో సుడో డీమెస్గ్ (sudo dmesg) కొడితే, ఏమవుతోందో లైనక్స్ కెర్నల్ మాటల్లోనే చదవొచ్చు. ఓవర్ కరెంట్ అని వస్తే పోర్టు మీద బరువు ఎక్కువైందని. డివైస్ డిస్క్రిప్టర్ రీడ్ పక్కన మైనస్ 71 వస్తే సిగ్నల్ చెదురుతోందని, అంటే కేబుల్, పోర్టు, కరెంటు చూడాలి. మైనస్ 110 అంటే పరికరం అసలు జవాబే ఇవ్వలేదు. ఇక్కడ కూడా అవే తప్పులు వస్తే ఆ షాపువాళ్లు విండోస్ ఎన్నిసార్లు వేసినా ఫలితం ఉండదు.

విండోస్‌లోనే చూడాలంటే యూఎస్‌బీ ట్రీ వ్యూ అని ఉచిత టూల్ ఉంది. ఏ పోర్టు ఏ హబ్ కింద ఉందో, ఏ వేగంతో కలిసిందో, ఎంత కరెంటు అడిగిందో చెట్టులా చూపిస్తుంది. కరెంటు అంకె మాత్రం పరికరం తనకు తాను చెప్పుకున్నది, నిజంగా లాగుతున్నది కాదు. 500 అని రాసుకున్న డిస్క్ అంతకంటే ఎక్కువ లాగొచ్చు.

కంచరపాలెం_కుర్రాడు | కంచరపాలెం

టోకెన్ దీపం ఆరిపోవడానికి కారణం సెలెక్టివ్ సస్పెండ్ అక్కా. వాడకుండా ఉన్న పోర్టుని విండోస్ నిద్రపుచ్చుతుంది, కొన్ని టోకెన్లు ఆ నిద్ర నుంచి సరిగ్గా లేవవు. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, మీ ప్లాన్ పక్కన చేంజ్ ప్లాన్ సెట్టింగ్స్, తర్వాత అడ్వాన్స్‌డ్. అందులో యూఎస్‌బీ సెట్టింగ్స్ కింద సెలెక్టివ్ సస్పెండ్‌ని డిసేబుల్డ్ చేయండి. అలాగే డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్ ప్రాపర్టీస్‌లో పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌కి వెళ్లి, పవర్ ఆదా కోసం ఈ డివైస్‌ని ఆపడానికి కంప్యూటర్‌కి అనుమతి అన్న టిక్కు తీసేయండి. ఎన్ని రూట్ హబ్‌లు కనిపిస్తే అన్నింటికీ. డెస్క్‌టాప్‌లో దీనివల్ల కరెంటు బిల్లు చెప్పుకోదగ్గంత పెరగదు.

ప్రింటర్ గురించి: కొన్ని ప్రింటర్లు తమ సీరియల్ నంబర్ చెప్పవు. అందుకే పోర్టు మారగానే విండోస్ కొత్తది వచ్చిందనుకుని కాపీ తయారుచేస్తుంది, పాతది ఆఫ్‌లైన్ అయిపోతుంది. ఒక పోర్టు దానికే కేటాయించి మళ్లీ కదపకండి. అదనపు కాపీలు తీసేసి మిగిలినదాన్ని డిఫాల్ట్ చేయండి.

మధురవాడ_మేకర్ | మధురవాడ

ఇదే చర్చలో నా ప్రశ్న కూడా అడగొచ్చా? గాజువాకలో మా బాబాయి షాపులో తూకం మెషీన్‌ని యూఎస్‌బీ టు సీరియల్ కేబుల్‌తో బిల్లింగ్ కంప్యూటర్‌కి కలిపాం. లోపల సీహెచ్ 340 చిప్. నిన్నటిదాకా కామ్ 3లో (విండోస్ సీరియల్ పోర్టుకి ఇచ్చే నంబరు) వచ్చేది. శుభ్రం చేసేటప్పుడు ఎవరో తీసి పక్క పోర్టులో పెట్టారు, ఇప్పుడు కామ్ 11 అంటోంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో 4 వరకే ఉంది. మారుద్దామంటే కామ్ 3 వాడకంలో ఉందంటోంది, అక్కడేమో ఏదీ లేదు.

పెందుర్తి_లైనక్స్ | పెందుర్తి

తమ్ముడూ, ప్రింటర్ కథే ఇది కూడా. ఆ చిప్ మామూలుగా సీరియల్ నంబర్ చెప్పదు, అందుకని విండోస్ ఒక్కో భౌతిక పోర్టుకి ఒక్కో కామ్ నంబర్ రాసి పెట్టుకుంటుంది. ముందు సులువైన దారి: కేబుల్‌ని పాత కన్నంలోనే పెట్టు, కామ్ 3 తిరిగొస్తుంది. అది ఏ కన్నమో గుర్తులేకపోతే డివైస్ మేనేజర్‌లో వ్యూ మెనూలో షో హిడెన్ డివైసెస్ నొక్కు. పోర్ట్స్ కింద వెలిసిపోయిన రంగులో పాత ఎంట్రీలు కనిపిస్తాయి. ఇప్పుడు తగిలించి లేని కామ్ 3ని అన్‌ఇన్‌స్టాల్ చెయ్యి. తర్వాత కామ్ 11 ప్రాపర్టీస్, పోర్ట్ సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్‌లో 3 ఎంచుకో. ఆ కన్నం పక్కన బాబాయికి కనిపించేలా స్టిక్కర్ అంటించు.

బ్లూటూత్ కూడా కామ్ నంబర్లు పట్టుకుని కూర్చుంటుంది. షాపు కంప్యూటర్‌లో దాని అవసరం లేకపోతే ఆపేయ్.

కంచరపాలెం_కుర్రాడు | కంచరపాలెం

నాకూ ఒకటి ఉంది. ట్యూషన్ చెప్పడానికి రెండు వెబ్‌క్యామ్‌లు పెట్టాను, ఒకటి ముఖానికి, ఒకటి నోటుపుస్తకానికి. విడిగా రెండూ వస్తాయి, కలిపి ఆన్ చేస్తే రెండోది నల్లగా ఉంటుంది. కరెంటు కాదు, హబ్‌కి అడాప్టర్ ఉంది.

గాజువాక_రేడియో | గాజువాక

అది డేటా దారి నిండిపోవడం. 640 బై 480 బొమ్మని కుదించకుండా సెకనుకి 30 ఫ్రేములు పంపితే ఒక్క క్యామ్‌కే 147 మెగాబిట్లు కావాలి. 2.0 మొత్తం వేగం 480 అన్నా, క్యామ్ లాంటివి తమ వాటాని ముందే రిజర్వు చేసుకుంటాయి. ఒక వీడియో ఛానల్‌కి గరిష్ఠంగా దొరికేది సెకనుకి 24 మెగాబైట్ల చిల్లర. కొన్ని క్యామ్‌లు అవసరం ఉన్నా లేకపోయినా ఆ గరిష్ఠమే అడుగుతాయి. రెండోది అడిగేసరికి స్థలం ఉండదు. వీడియో సాఫ్ట్‌వేర్‌లో క్యామ్ ఫార్మాట్‌ని ఎంజేపెగ్‌కి మార్చండి, బొమ్మ కుదించి వస్తుంది. అప్పటికీ కుదరకపోతే రెండో క్యామ్‌ని హబ్ మీంచి తీసి మదర్‌బోర్డ్ పోర్టులో నేరుగా పెట్టండి. ఎన్ఏడీ మిత్రుడు చెప్పిన కార్డు మీలాంటి వాళ్లకి పనికొస్తుంది.

ట్యాలీ_అక్క | ఎంవీపీ కాలనీ

చేసినంతవరకూ చెబుతాను. ఫోల్డర్లన్నీ ముందు కాపీ చేసేసుకున్నాను, ఆ మాట చెప్పినందుకు మెకానిక్ గారికి చాలా థాంక్స్. ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో డాంగిల్ టేబుల్ మీదకి తెచ్చాక, బ్యాకప్ నడుస్తుండగానే ట్యాలీలో ఎంట్రీలు వేశాను, ఒక్క అంకె కూడా పోలేదు. టోకెన్ దీపం మధ్యాహ్నం నుంచి వెలుగుతూనే ఉంది.

ఎలక్ట్రీషియన్ వచ్చారు. మాష్టారు అనుమానించినట్టే అవతలి బోర్డు మూడో కన్నంలో తీగే లేదు. యూపీఎస్ ఉన్న బోర్డుకి ఉంది, బల్బు బాగా వెలిగింది. ప్రింటర్ బోర్డుకి కొత్తగా ఎర్త్ తీగ లాగారు. ఇప్పుడు ప్రింటర్ కేబుల్ పట్టుకుంటే ఏమీ లేదు.

రెండు మిగిలాయి. ముందు పోర్టుల్లో ఏది పెట్టినా కొంచెం కదిలితే పోతోంది. ఇంకోటి, మా అబ్బాయి హైదరాబాద్ నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌తో కనెక్టయి రిటర్న్ చూసినప్పుడు టోకెన్ అసలు కనబడలేదన్నాడు. అదే సమయంలో టోకెన్ ఇక్కడ వెలుగుతోంది.

పెందుర్తి_లైనక్స్ | పెందుర్తి

రిమోట్ సంగతి పోర్టు లోపం కాదండీ, విండోస్ రూపకల్పనే అంత. టోకెన్‌ని విండోస్ స్మార్ట్ కార్డుగా, అంటే చిప్ ఉన్న గుర్తింపు కార్డులా, చూస్తుంది. రిమోట్ డెస్క్‌టాప్ సెషన్ లోపల స్మార్ట్ కార్డు కావాలంటే అది కనెక్టయిన మనిషి కంప్యూటర్‌లో వెతుకుతుంది, మీ దగ్గరున్న దాన్ని చూపించదు. సంతకం వేసే పని మీరు ఇక్కడ కూర్చునే చేయండి. లేదా మీ స్క్రీన్‌నే ఉన్నదున్నట్టు పంచుకునే రకం సాఫ్ట్‌వేర్ వాడితే టోకెన్ కనిపిస్తుంది, కానీ పిన్ కొట్టేది మీరే అయ్యుండాలి.

సీతమ్మధార_మాష్టారు | సీతమ్మధార

ఎర్త్ వేయించినందుకు సంతోషం అమ్మా. టోకెన్ల గురించి ఒక మాట చేరుస్తాను. వేరువేరు కంపెనీల టోకెన్లు ఒకేసారి తగిలించకండి, సంతకం పెట్టించే సాఫ్ట్‌వేర్ తికమకపడుతుంది. ఆ గందరగోళంలో ఒక టోకెన్ పిన్ ఇంకోదానికి పదేపదే కొడితే అది లాక్ అయిపోతుంది. క్లయింట్ల టోకెన్లు పని అవగానే వాళ్లకి ఇచ్చేయండి. అది వాళ్ల సంతకం, మన సొరుగులో ఉండకూడదు.

అక్కయ్యపాలెం_మెకానిక్ | అక్కయ్యపాలెం

ముందు పోర్టుల్లోకి టార్చ్ వేసి చూడండి మేడమ్. నాలుగు సన్న పలకలు బంగారు రంగులో మెరవాలి. వాటి అంచుల్లో పచ్చగానో, తెల్లటి పొడిలానో ఉంటే ఉప్పుగాలి తినేసినట్టే. మీవైపు నుంచి, పెదవాల్తేరు, కిర్లంపూడి లేఅవుట్ నుంచి వచ్చే మెషీన్లలో ఇది చాలా చూస్తాను. కిటికీ పక్కన ఉంటే మరీను. ఆ పొర వల్ల అక్కడే వోల్టేజీ పడిపోయి, పరికరానికి 5 వోల్టులు పూర్తిగా చేరవు.

కరెంటు పూర్తిగా తీసి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన మెత్తటి చిన్న బ్రష్‌తో మెల్లగా తుడవండి, బాగా ఆరనిచ్చి పెట్టండి. పిన్నీసు, బ్లేడు పెట్టి గీకొద్దు, పైపూత పోతే మరీ త్వరగా తుప్పుపడుతుంది. కొబ్బరినూనె, తలుపు బందులకి కొట్టే స్ప్రే లాంటివి అసలు వద్దు. తుడిచాక కూడా వదులుగా ఊగుతుంటే లోపలి స్ప్రింగు పలకలు సాగిపోయాయని అర్థం, తుడుపు వల్ల బాగవదు. బాగున్న పోర్టులకి రబ్బరు మూతలు దొరుకుతాయి, వాడని వాటికి పెట్టేయండి.

ట్యాలీ_అక్క | ఎంవీపీ కాలనీ

చూశానండి, ఒకటి పచ్చగా ఉంది, తుడిస్తే నిలబడింది. రెండోది మాత్రం పెన్‌డ్రైవ్ పెడితే వేలాడుతోంది. దాన్ని మార్పించుకోవచ్చా? హబ్ కూడా అడాప్టర్ ఉన్నది కొనాలనుకుంటున్నాను. ఏం చూసి కొనాలి?

అక్కయ్యపాలెం_మెకానిక్ | అక్కయ్యపాలెం

హబ్‌తో వచ్చే అడాప్టర్ మీద రాసింది చదవండి. 5 వోల్టులు, 4 యాంప్‌లు అని ఉంటే 20 వాట్లు, మీ డిస్క్, వెబ్‌క్యామ్, టోకెన్‌కి ధారాళంగా సరిపోతుంది. ఏడు పోర్టుల హబ్‌కి 1 యాంప్ అడాప్టర్ ఇస్తుంటే తీసుకోకండి. ఇంటికి తెచ్చాక ఒక పరీక్ష చేయండి. కంప్యూటర్‌ని షట్‌డౌన్ చేసి, దాని యూపీఎస్‌ని కూడా ఆపేసి, హబ్ కేబుల్ కేబినెట్‌కి ఉంచి, హబ్ అడాప్టర్ ఒక్కటే ఆన్ చేయండి. కేబినెట్ మీద దీపంగానీ, వేరే పోర్టులో పెట్టిన పెన్‌డ్రైవ్ దీపంగానీ వెలిగితే ఆ హబ్ కరెంటుని వెనక్కి మదర్‌బోర్డ్‌లోకి తోస్తోందన్నమాట. అలాంటిది వెంటనే తిరిగిచ్చేయండి, బోర్డుకి మంచిది కాదు. హబ్ 3.0 అయితే దాన్ని కూడా డాంగిల్‌కి దూరంగా పెట్టండి.

ముందు పోర్టు మార్చొచ్చు. కేబినెట్ ముందు ప్యానెల్‌లో చిన్న బోర్డు ఉంటుంది, దాని వైరు మదర్‌బోర్డ్ మీద ఒక మూల పిన్ను లేని 9 పిన్నుల హెడర్‌కి వెళుతుంది. లేని పిన్నుని బట్టి దిశ చూసుకుని పెట్టాలి, బలవంతంగా తిప్పి దూర్చితే పోర్టు కాలిపోతుంది. ద్వారకానగర్ షాపుల్లో అడిగేటప్పుడు కేబినెట్ ముందు భాగం, లోపలి హెడర్ రెండూ ఫొటో తీసి చూపించండి, ప్యానెళ్ల కొలతలు ఒక్కో కేబినెట్‌కి ఒక్కోలా ఉంటాయి. అది దొరకకపోతే ఆ వైరుని హెడర్ దగ్గర పీకేసి వదిలేయండి. మీకు వెనక పోర్టులు, కొత్త హబ్ సరిపోతాయి. 20 దాటాక తీరిగ్గా చేయించుకోండి.